బాంబర్ స్క్వాడ్రన్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ బాంబర్ స్క్వాడ్రన్ (బాంబులు వేసే విమానాల దళం) దినచర్య మీద నీవు రాసిన మొదటి అధ్యాయం శ్రద్ధగా చదివాను. దానిని బెర్లిన్ మీద, సర్చిలైట్ల వెలుగులో ప్రారంభించావు. ఆ పేజీలను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని ఒక వైమానిక స్థావరంలో ఉదయం నుంచి మొదలుపెట్టమని నా సలహా. ఆ రాత్రి దాడి ఉన్నదని తెలిసినప్పటి నుంచి విమానం నేల విడిచే వరకు గడిచిన గంటలే విమాన సిబ్బందిలోని ఆ యువకులకు అతి భారమైనవని, అనేక సంవత్సరాలుగా వారి డైరీలు, ఉత్తరాలు చదివిన మీదట నేను నమ్ముతున్నాను.

ఉదయం విమానాన్ని కాసేపు ఎగరేసి పరీక్షించేవారు. లక్ష్యం పేరు బ్రీఫింగ్ (దాడి వివరాలు చెప్పే సమావేశం) వరకు రహస్యమే అయినా, ట్యాంకులలో ఎంత పెట్రోలు నింపుతున్నారో చూసి, వెళ్లవలసిన దూరాన్ని ముందే అంచనా వేసుకునేవారు. తరువాత బ్రీఫింగ్ గదిలో తెర తొలగేది. పటం మీద లక్ష్యం దాకా సాగిన రిబ్బను కనిపించేది. రేషన్ కాలంలో బయటివారికి అరుదైన గుడ్డు వారి భోజనంలో ఉండేది. వీటిని వరుసగా ఏకరువు పెట్టకుండా, ఒకే సిబ్బంది వెంట నడుస్తూ చెప్పు.

లాంకాస్టర్ అనే బాంబర్ విమానంలో సాధారణంగా ఏడుగురు ఉండేవారు. పైలట్ సార్జెంటే అయినా, తనకంటే పై హోదాగల ఆఫీసరు అదే సిబ్బందిలో ఉన్నా, విమానానికి కెప్టెన్ ఆ పైలటే. నేల మీదికి వచ్చాక మాత్రం హోదాను బట్టి ఇద్దరూ వేరువేరు మెస్సులలో (భోజనశాలలలో) భోజనం చేయవలసి వచ్చేది. నీవు దీనిని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే ఒక అధ్యాయానికి సరిపడే విషయమనిపిస్తుంది.

ఆధారాల కోసం లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో గల నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న స్క్వాడ్రన్ కార్యకలాపాల రికార్డు పుస్తకాలు చూడు. వాటిలో విమానం లేచిన వేళ, దిగిన వేళ నమోదై ఉంటాయి. తిరిగి రాని విమానానికి దిగిన వేళ ఉండదు. ఆ ఖాళీని పైలట్ల లాగ్‌బుక్కులతోను, ఇంటికి రాసిన ఉత్తరాలతోను కలిపి చదివితే, మరునాడు బసలో మంచాలు ఎలా ఖాళీ అయ్యాయో, వస్తువులను మూటగట్టి ఎవరు తీసుకెళ్లారో తెలుస్తుంది. ఒక్కొక్కరు పూర్తిచేయవలసిన మొదటి విడత విధి సాధారణంగా 30 దాడులు. బ్రిటిష్ వైమానిక దళంలోని బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది వైమానిక సిబ్బందిలో 55,573 మంది మరణించారు. ఈ అంకెను పీఠికలో కాక, ఆ ఖాళీ మంచాల దగ్గర చెప్పు.

భయంతో ఎగరలేనన్న వారి పత్రాలలో ‘ధైర్యలోపం’ అనే అర్థమిచ్చే ముద్ర కనిపిస్తుంది. అది అధికారుల మాట. నీ కథనంలో నీ మాటగా వాడవద్దు. అలాగే పటం మీది లక్ష్యాలు మనుషులున్న ఊళ్లు. 1943 జులైలో హాంబర్గ్‌లో దాడుల వల్ల చెలరేగిన అగ్నితుపానులో వేలాది పౌరులు మరణించారు. ఆ విషయాన్ని చివర అనుబంధంగా చేర్చక, సిబ్బంది తిరిగివచ్చి టీ తాగుతూ గూఢచార అధికారికి వివరాలు చెప్పే ఘట్టం పక్కనే ఉంచు.

తిరగరాసిన అధ్యాయం పంపేటప్పుడు, చలిలో ఆరుబయట ఇంజను బాగుచేసి, తెల్లవారుజామున తన విమానం కోసం ఆకాశం వైపు చూసే మెకానిక్ అందులో ఉండాలి. నీ ప్రతిలో ఆయన ఎక్కడా లేడు.