డొమైన్ మెయిల్ చూడబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

డొమైన్ డీఎన్ఎస్ రికార్డులు, అంటే ఆ పేరుకు వచ్చే మెయిల్, వెబ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే నమోదులు, ఇకపై నీవే చూసుకుంటావని తెలిసి సంతోషించాను. రికార్డు తప్పితే మెయిల్ మొత్తం ఆగిపోతుందని, వెంటనే తెలిసిపోతుందని అనుకోకు. చాలాసార్లు అది కొందరికి చేరుతుంది, కొందరికి చేరదు. కనుక నీ సొంత ఖాతాకు పంపిన పరీక్ష మెయిల్ అందిందన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది మూల డొమైన్ పేరుకే (ముందు ఏమీ చేర్చని ‘ఎగ్జాంపుల్.కామ్’ లాంటిదానికి) సీనేమ్, అంటే ఇది మరో పేరుకు మారుపేరని చెప్పే రికార్డు, పెట్టడం. ఆ పేరుకు ఎస్ఓఏ (డొమైన్ ప్రాథమిక వివరాలు), ఎన్ఎస్ (దాని నేమ్‌సర్వర్ల పేర్లు) రికార్డులు తప్పనిసరి, సీనేమ్ ఉన్నచోట అవి ఉండరాదు. అయినా కొన్ని డీఎన్ఎస్ నిర్వహణ ప్యానెళ్లు అభ్యంతరం చెప్పకుండా తీసుకుంటాయి. అప్పుడు ఏ రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికి తెచ్చే సర్వర్) కాష్‌లోకి, అంటే తాత్కాలిక నిల్వలోకి, ముందుగా సీనేమ్ చేరిందో దానికి నీ ఎంఎక్స్ (మెయిల్ అందుకునే సర్వర్ పేరు చెప్పే రికార్డు) కనిపించదు. పంపే సర్వర్ ఆ సీనేమ్ చూపిన పేరుకు ఎంఎక్స్ ఉందేమో అడిగి, లేకపోతే దాని ఐపీ చిరునామాకే, అంటే సాధారణంగా మెయిల్ అందుకునే 25వ పోర్టు తెరిచి ఉండని వెబ్ సర్వర్‌కే, మెయిల్ ఇవ్వబోతుంది. ఉత్తరం అవతలివారి క్యూలో రోజుల తరబడి పడి ఉండి తిరిగి వెళ్తుంది, లేదా ఈలోగా కాష్ గడువు తీరి ఏమీ జరగనట్టు చేరిపోతుంది. ఫిర్యాదు అందుకుని నీవు వెతికే వేళకు తప్పు కనిపించకపోవడం ఇందువల్లనే.

ఎంఎక్స్ చూపే పేరు కూడా సీనేమ్ కాకూడదు. 1997 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 2181 ఈ మాట స్పష్టంగా చెప్పింది. సహించే సర్వర్లు చాలానే ఉన్నా, వాటిని నమ్ముకోవడం నాకు నచ్చదు. జోన్ ఫైలును (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలును) చేత్తో రాసేటప్పుడు ఎంఎక్స్ పేరు చివర చుక్క మరిస్తే ‘మెయిల్.ఎగ్జాంపుల్.కామ్’ కాస్తా ‘మెయిల్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్’ అవుతుంది.

ఎస్‌పీఎఫ్ రికార్డు, అంటే నీ డొమైన్ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా, ఒక్కటే ఉండాలి. కొత్త మెయిలింగ్ సేవ తీసుకున్నప్పుడు వాళ్లిచ్చిన వరుసను రెండో రికార్డుగా చేర్చకుండా, ఉన్నదానిలోనే కలుపు. ఇన్‌క్లూడ్‌ల (మరో డొమైన్ ఎస్‌పీఎఫ్‌ను కలుపుకునే పదాల) లోపలి ఇన్‌క్లూడ్‌లతో సహా డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటితే అది శాశ్వత దోషమే; ఐపీలను నేరుగా రాస్తే ఈ లెక్కలోకి రావు.

రికార్డు మార్చేముందు టీటీఎల్‌ను (కాష్‌లో అది నిలిచే గడువును) 300 సెకన్లకు తగ్గించి, పాత టీటీఎల్ గడువు పూర్తిగా గడిచాకే మార్పు చెయ్యి. ఆ తరువాత నీ రిజాల్వర్‌ను కాక, డొమైన్ నేమ్‌సర్వర్లు ఒక్కొక్కదాన్నీ డిగ్ అనే డీఎన్ఎస్ ప్రశ్నల ఉపకరణంతో విడివిడిగా అడుగు. వాటి ఎస్ఓఏ సీరియళ్లు (రికార్డులు మారినప్పుడల్లా పెరిగే సంఖ్యలు) కలవకపోతే రికార్డులను తిరగేయడం ఆపి, జోన్ బదిలీ (ఒక నేమ్‌సర్వర్ నుంచి మరోదానికి రికార్డుల నకలు) ఎందుకు నిలిచిందో ముందు చూడు.