వ్యాను తాళాలు చేతికొచ్చాక మొదటి రెండు రోజులు

చి. బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

డిసెంబర్లో మీరు పిల్లాడితో న్యూజిలాండ్ వచ్చి, క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని, నెల రోజులు తిరుగుతూ ఆక్లాండ్‌లో మా ఇంటికి చేరతారని అక్క చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఏమేం చూడాలో బాగానే రాసుకున్నావు కానీ మొదటి రోజు మాత్రం నాకు నచ్చలేదు. పొద్దున విమానం దిగి, మధ్యాహ్నం వ్యాను తీసుకుని, రాత్రికి లేక్ టెకాపోకా? వద్దమ్మా, అది మార్చుకో.

టెకాపో 220 కిలోమీటర్ల పైమాటే. మీరు పొద్దున పదింటికి దిగితే హైదరాబాద్‌లో అప్పుడు తెల్లవారుజాము రెండున్నర. రాత్రంతా సింగపూర్ విమానంలో కూర్చుని వచ్చిన అల్లుడుగారి చేత ఏడు మీటర్ల బండి నడిపించకు. ఇక్కడ డిసెంబర్ అంటే వేసవి, రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురుంటుంది. ఇంకా టైముందిలే అనిపిస్తుంది, అక్కడే ప్రమాదం. ఆ రాత్రి హోటల్లో పడుకోండి. మర్నాడు వ్యాను తీసుకుని ఊళ్లోనే ఏదైనా హాలిడే పార్కులో, అంటే ఇలాంటి వ్యాన్లు రాత్రికి ఆపుకునే చోట, ఆపండి. మూడో రోజు బయల్దేరితే చాలు.

వ్యాను అప్పగించేటప్పుడు వాళ్లు గబగబా చెప్పుకుపోతారు. నువ్వు తొందరపడకు. వాళ్లు చూపిస్తుంటే ఫోన్‌లో వీడియో తియ్యి. బండి చుట్టూ, పైకప్పు, అద్దం, టైర్లు కూడా తియ్యి. ఇన్సూరెన్స్‌లో పైకప్పుకీ అడుగుభాగానికీ ఏం వర్తిస్తుందో, ఏ రోడ్ల మీదికి వెళ్లకూడదో కాగితం మీద చూపించమను. డిపాజిట్ మామూలుగా క్రెడిట్ కార్డు మీద పట్టుకుంటారు. ఆ కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, లిమిట్ పెంచుకుని రండి. డీజిల్ బండైతే రోడ్డు ఛార్జీ కిలోమీటర్ల లెక్కన విడిగా పడుతుంది, అదీ లెక్కలో వేసుకో.

కరెంటు సంగతి బాగా అర్థం చేసుకో. లైట్లు, నీళ్ల పంపు బ్యాటరీ మీద నడుస్తాయి. నీ రైస్ కుక్కర్, మిక్సీ మాత్రం పార్కులో ప్లగ్గు పెట్టుకున్నప్పుడే పనిచేస్తాయి. అందుకని చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకో, గ్యాస్ మీద అన్నం, పప్పు రెండూ అయిపోతాయి. తాలింపు పెట్టేముందు కిటికీలు, పైకప్పుకి ఉన్న మూత తెరువు, లేకపోతే పొగకి అలారం మోగి పిల్లాడు జడుసుకుంటాడు. చలేసిందని పొయ్యి వెలిగించి కూర్చోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. బండి కదిలేముందు సిలిండరు దగ్గరే గ్యాస్ కట్టెయ్యాలి.

టాయిలెట్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. బండి పక్కన చిన్న తలుపు తీస్తే కింది పెట్టె బయటికొస్తుంది. దాన్ని డంప్ స్టేషన్లో, అంటే ఆ మురుగు పారబోసే చోట, ఒంచి, కడిగి, టాయిలెట్ మందు వేసి మళ్లీ పెట్టాలి. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగకండి, నిండితే మొయ్యలేరు. ఈ పని ఎవరిదో ఇంట్లోనే తేల్చుకుని రండి. దీని మీదే ఎన్నో జంటలు మొదటి వారం కీచులాడుకోవడం చూశాను. ఆ మొదటి పార్కులోనే ఒకసారి ఇద్దరూ చేసి చూడండి.

మనలాగే ఇక్కడా ఎడమవైపే నడపాలి, అది సుఖం. కానీ బండి ఎత్తు మూడు మీటర్లు దాటుతుంది. ఎంతో చీటీ మీద రాసి స్టీరింగు ముందు అంటించు. క్రైస్ట్‌చర్చ్ చుట్టూ ఉన్న క్యాంటర్‌బరీ ప్రాంతంలో వాయవ్యపు గాలి మొదలైతే తలుపు చేతిలోంచి లాక్కుపోతుంది, రెండు చేతులా పట్టుకుని తీయండి. ఒకే బండి పట్టే వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మీవైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మీరే ఆగాలి. వెనక కార్లు చేరితే వీలున్నచోట పక్కకి తీసి వాళ్లని పోనివ్వండి.

కనబడిన చెరువుగట్టునల్లా ఆపి పడుకోకండి. టాయిలెట్, నీళ్లు అన్నీ బండిలోనే ఉన్నాయని ఇచ్చే పచ్చ వారెంట్ కార్డు వ్యానుకి ఉన్నా, అక్కడ ఆపనిస్తారో లేదో బోర్డు చూడాల్సిందే. తప్పితే జరిమానా 400 డాలర్ల నుంచీ మొదలవుతుంది. క్రిస్మస్ తర్వాత ఈ దేశమంతా సెలవుల్లో రోడ్డెక్కుతుంది, ఆ రెండు వారాలకి పార్కులు ఇప్పుడే బుక్ చెయ్యి. పిక్టన్ నుంచి వెల్లింగ్టన్‌కి బండితో సహా సముద్రం దాటించే ఫెర్రీ కూడా అంతే, వ్యాను పొడవు సరిగ్గా చెప్పి తీసుకో.

ఆవకాయ తేవాలనుకుంటే దాచకుండా, దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్లో రాయి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. తేనె అసలు తేవద్దు. బూట్లకి మట్టి లేకుండా కడుక్కుని రండి. బియ్యం, పప్పులు క్రైస్ట్‌చర్చ్ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, వాటికి సూట్‌కేసులు నింపకండి. పిల్లాడికి ఏడేళ్లు నిండలేదు కదా, చైల్డ్ సీటు తప్పనిసరి. వ్యానుతోపాటే అడిగి పెట్టించుకో.

కొత్త ప్లాన్ రాసి పంపు, మీ బాబాయి, నేనూ కూర్చుని చూస్తాం.

ప్రేమతో,
పిన్ని