ఆ రాత్రి వెన్నెల లేదు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ రాతప్రతి అంది పది రోజులైంది. ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. అందుకే ఆలస్యం.

ఉద్యోగం కోసం తెనాలి నుంచి హైదరాబాదు వచ్చిన పిల్లవి, ఈ ఊళ్ళో 1908లో వచ్చిన మూసీ వరద మీద నవలిక రాయాలనుకోవడం నాకు బాగా నచ్చింది. తీరా మొదటి పేజీ తిప్పితే తేదీ, చనిపోయినవాళ్ళు సుమారు 15,000 మంది, కొట్టుకుపోయిన వంతెనలు, అప్పటి నిజాం పేరు. నాలుగు మార్కుల ప్రశ్నకి జవాబు రాసినట్టుంది. ఆ పేజీ మొత్తం కొట్టేశాను, ఏమీ అనుకోకు.

ఆ సెప్టెంబరు 28, సోమవారం పొద్దున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు 150 మంది దాకా ఉంటారని చెబుతారు. వాళ్ళలో ఒక్కరికైనా 15,000 అన్న అంకె తెలుసా? పై కొమ్మ మీద ఎవరున్నారో, కింద నీళ్ళు ఏ తొర్ర దాకా వచ్చాయో, చంకలో పిల్ల ఏడుపు ఎందుకు ఆపిందో, వాళ్ళకి తెలిసింది అంతే. లెక్కలన్నీ నీళ్ళు తీశాక వచ్చాయి. నీ కథానాయకుడు మల్లయ్య ఆ చెట్టు మీద ఉన్నంతసేపూ నువ్వు కూడా అక్కడే కూర్చోవాలి. నువ్వేమో కలం పట్టుకుని విమానంలో తిరుగుతున్నావు.

ఇప్పుడు రెండో అధ్యాయం. వరదకి ముందు రాత్రి మల్లయ్య ఒడ్డున నిలబడ్డాడు, "వెన్నెల్లో మూసీ వెండి తాడులా మెరుస్తోంది" అని రాశావు. వాక్యం బాగానే ఉంది. కానీ ఆ రాత్రి వెన్నెల లేదు. వానమబ్బు సంగతి అలా ఉంచు. లెక్క కట్టి చూడు, కీలక నామ సంవత్సరం భాద్రపద అమావాస్య సెప్టెంబరు 25న పడింది. 27 రాత్రికి ఆకాశంలో ఉండేది గోరంత చంద్రుడు, వాడు కూడా పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతాడు. అంటే జనం చీకట్లో ఉన్నారు. నీళ్ళు రావడం కళ్ళతో చూసి కాదు, చప్పుడు విని, కాళ్ళకి తగిలి తెలుసుకుని ఉంటారు. నీ సీన్ మొత్తం మారిపోతుంది, చూశావా?

ఆ పంచాంగంలోనే ఇంకొకటి దొరుకుతుంది. భాద్రపద అమావాస్య అంటే ఎంగిలిపూల బతుకమ్మ. వరద నాటికి బతుకమ్మ మూడో రోజో నాలుగో రోజో. అటు రంజాన్ నెలవంక కనిపించి కూడా ఒకటి రెండు రోజులే. ఒక గల్లీలో తంగేడు పూలు, గునుగు పూలు తట్టల్లో పోసుకుని ఉన్నారు, పక్క గల్లీలో ఉపవాసానికి ముందు తినే సహరీ కోసం తెల్లవారుజామునే పొయ్యి వెలిగించడానికి లేచారు. నువ్వు పుస్తకాలు బోలెడు చదివావు, ఇది మాత్రం నీ నవలికలో ఎక్కడా లేదు. పెట్టుకో. కానీ నీళ్ళమీద తేలుతున్న బతుకమ్మని చూపించి గుండెలు పిండే పని మాత్రం చెయ్యకు. తట్టలో పూలున్నాయని ఒక్కసారి చెప్పి వదిలెయ్యి, మిగతాది చదివేవాళ్ళు చూసుకుంటారు.

చిన్నచిన్న పొరపాట్లు అంచుల్లో గుర్తు పెట్టాను. మల్లయ్య కొడుకుని భుజాన వేసుకుని "ఉస్మానియా ఆసుపత్రి"కి పరిగెత్తాడు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిందే 1911లో. 1908లో ఉన్నది ఆయన తండ్రి మహబూబ్ అలీ పాషా. అందుకని ఆ ఆసుపత్రికీ ఆ పేరు లేదు, అరుగు మీద మీ ముసలాయన చాయ్‌లో ముంచుకు తింటున్న బిస్కెట్టుకీ ఆ పేరు లేదు. దూరంగా కనిపించిన హైకోర్టు గుమ్మటాలు వరద పోయాక పదేళ్ళకి లేచాయి. మర్నాడు మల్లయ్య అఫ్జల్ వంతెన మీదుగా ఇల్లు చేరాడన్నావు. ఆ వంతెన పోయింది, ముసల్లం జంగ్ పుల్ పోయింది, చాదర్‌ఘాట్‌దీ పోయింది. కుతుబ్‌షాహీల నాటి పురానా పుల్ ఒక్కటే మిగిలింది. కాబట్టి అతను చుట్టు తిరిగి అక్కడిదాకా నడవాలి. నడిపించు. ఆ నడకలో నీకు ఒక అధ్యాయం దొరుకుతుంది. ఇంకోటి, అతని మొలలో ఉన్నది నిజాం నాణెం హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ళ కల్దార్ రూపాయి కాదు.

నవ్వుకుంటున్నానని అనుకోకు. నీ వయసులో నేనూ ఈ వరద మీదే ఒక కథ రాశాను. అందులో "గండిపేట చెరువు తెగిందంట!" అని ఒకడు అరుస్తూ పరిగెత్తుకొస్తాడు. అచ్చయిన వారానికి ఒక కార్డు ముక్క వచ్చింది. "అయ్యా, ఆ వరద వచ్చిందనే కదా గండిపేట కట్టింది?" అంతే ఉంది అందులో. నిజమే మరి. గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ కథని ఆ తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

అయితే చెరువులు తెగిన మాట మాత్రం అబద్ధం కాదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి లెక్క తీశారు. మూసీకి నీళ్ళొచ్చే పైప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువులు ఎలా ఉంటాయో నీకు తెలుసు కదా, పై చెరువు అలుగు పారితే కింద చెరువుకి నీళ్ళు. మామూలు రోజుల్లో అదే వరం. పై కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ కింద కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండు చెరువుల నీళ్ళు మూడో దాని మీద పడతాయి. నువ్వు మాత్రం వరదని "ప్రకృతి ప్రకోపం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నన్నడిగితే నీ కథ హైదరాబాదులో మొదలవ్వాల్సిన పని లేదు. ఎక్కడో పైన ఒక ఊళ్ళో, ఆదివారం రాత్రి ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తుంటే కందిలి పట్టుకుని చెరువు కట్ట మీద తిరుగుతున్న నీరటి, అంటే ఊరి చెరువు నీళ్ళు చూసుకునేవాడి దగ్గర మొదలుపెట్టు. కట్ట ఎక్కడో చెమ్మగిల్లింది. తను నిద్ర లేపగలిగింది తన ఊరిని మాత్రమే. కింద పట్నం ఉందని అతనికి తెలుసు, కానీ చెప్పడానికి ఎవరున్నారు?

మహబూబ్ పాషా గురించి. ఆయన బాధితుల కోసం దేవిడీల, అంటే పెద్ద పెద్ద భవంతుల తలుపులు తెరిపించాడు, అన్నం పెట్టించాడు. అది రాయొచ్చు. మూసీకి చీర, పసుపు కుంకుమ సమర్పించి శాంతించమని వేడుకున్నాడన్నది జనం చెప్పుకునే కథ. దాన్ని నువ్వు చెప్పకు, నీ పాత్రల్లో ఎవరిచేతనైనా చెప్పించు. ఒకరు చెబితే పక్కవాడు "నువ్వు చూసినవా?" అని అడగాలి.

మల్లయ్య భార్యాబిడ్డలు పోయాక నాలుగు పేజీల ఏడుపుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ పేరు వినే ఉంటావు. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. తర్వాత ఆయనకి పేరు తెచ్చినవి రుబాయీలు, అంటే నాలుగంటే నాలుగు పాదాలు. నీ నాలుగు పేజీల పక్కన పెన్సిలుతో ఈ ముక్కే రాశాను.

భాష సంగతి ఎక్కువ చెప్పను. మల్లయ్య మీ తెనాలి మాట మాట్లాడుతున్నాడు. అలాగని ప్రతి క్రియకీ ఒక తోక తగిలిస్తే అది యాస అయిపోదు. ధూల్‌పేటలోనో కార్వాన్‌లోనో నాలుగు ఆదివారాలు తిరుగు, టీ కొట్టు దగ్గర నిలబడు. నోట్సు రాసుకోకు, ఊరికే విను.

పోటీ గడువు నెలాఖరు అన్నావు. ఈసారికి పంపకు. ఆ చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, నువ్వింకా చూడలేదని నీ మూడో అధ్యాయం చదివితేనే తెలిసిపోతోంది. కింది కొమ్మ అందుకోవడానికి మనిషికి ఇంకో మనిషి భుజం కావాలా, అక్కర్లేదా అన్నది నిలబడి చూస్తే గానీ తెలియదు. నేను పోయిన నెల ఆసుపత్రి పని మీద వెళ్ళినప్పుడు దాని కింద రోగుల తాలూకు మనుషులు టిఫిన్ క్యారియర్లు విప్పుకుని తింటున్నారు. ఒకావిడ నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

వచ్చే ఆదివారం పదింటికి గేటు దగ్గర ఉంటాను. రాతప్రతి తీసుకురా. మబ్బుగా ఉంటే గొడుగు కూడా.

నీ పెదనాన్న వయసువాడు