బ్యాండ్ రాలేదని చదువు మార్చొద్దు

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. క్యాన్సర్‌కు సంబంధించిన పీ53 ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే ప్రాజెక్టు చేస్తోంది. రెండు నెలలైనా రిజల్ట్ రావడం లేదని ఫోన్‌లో ఏడుస్తోంది. ఇదంతా వదిలేసి డేటా సైన్స్‌లో చేరతానంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, హిందూపురం

జవాబు: అమ్మా, ఈ టెన్షన్‌లో కోర్సు మార్చే నిర్ణయం మాత్రం తీసుకోనివ్వకండి. ఆ పిల్ల పట్టుకున్నది తేలికైన పని కాదు. తను చేస్తున్నది వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలా ఉంది. కణాల్లోని ప్రోటీన్లను జెల్‌లో లేన్లు అనే పక్కపక్క వరుసల్లో సైజు ప్రకారం విడదీసి, పలుచటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతుకుతారు. ప్రోటీన్ దొరికితే ఒక గీత కనబడుతుంది, దాన్నే బ్యాండ్ అంటారు.

డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణ విభజనను ఆపే జన్యువులను ఆన్ చేసేది పీ53. దాదాపు సగం క్యాన్సర్లలో ఈ ప్రోటీన్ జన్యువే చెడిపోయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో దీన్ని ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ ఎప్పటికప్పుడు తీసేయిస్తూ ఉంటుంది. అందుకే మామూలు కణాల్లో బ్యాండ్ మసగ్గా వస్తుంది, ఒక్కోసారి కనిపించదు కూడా.

తను కంట్రోల్స్, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనాలు, పెట్టిందా అన్నది అసలు విషయం. ల్యాబ్‌లో పెంచే ఎంసీఎఫ్-7 అనే క్యాన్సర్ కణాలకు డాక్సోరుబిసిన్ అనే మందు ఇస్తే డీఎన్‌ఏ దెబ్బతిని పీ53 పెరుగుతుంది. హెచ్1299 అనే మరో రకం క్యాన్సర్ కణాల్లో అది అసలు ఉండదు. ఈ రెండూ పక్కపక్క లేన్లలో నడపాలి. మొదటిదాంట్లోనే 53 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలత) దగ్గర బ్యాండ్ వస్తే యాంటీబాడీని నమ్మొచ్చు. రెండింట్లోనూ అక్కడే వస్తే అది ఇంకేదో ప్రోటీన్‌ను పట్టుకుంటోందని అనుమానించాలి. ఎందులోనూ రాకపోతే పొర మీద ప్రోటీన్లన్నింటికీ అంటుకునే పాన్సో ఎస్ రంగు పోసి చూడాలి. ఎర్రటి గీతలు కనబడకపోతే ప్రోటీన్ జెల్ నుంచి పొర మీదికి చేరనేలేదు. సెకండరీ, అంటే మొదటి యాంటీబాడీకి అతుక్కుని దాన్ని కనబడేలా చేసే రెండో యాంటీబాడీ, కూడా ఒకసారి చూసుకోమనండి. పీ53ని పట్టుకునే డీఓ-1 యాంటీబాడీ చిట్టెలుకది, దానికి కుందేలు యాంటీబాడీలను పట్టుకునే యాంటీ-రాబిట్ సెకండరీ వేస్తే ఎన్నాళ్లు చేసినా ఏమీ రాదు. కాలేజీలో ఈ కణాలు లేకపోతే గైడ్‌ను అడిగి వేరే ల్యాబ్ నుంచి లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) తెప్పించుకోవచ్చు.

ఇంటర్వ్యూల్లో నేను విలువిచ్చేది ఈ ఓపికకే. బయోకాన్, సింజీన్ లాంటి బయోటెక్ కంపెనీలున్న ఊళ్లోనే తను చదువుతోంది. అయితే ఒక్క బీఎస్సీతో మొదలుపెడితే జీతం తక్కువే ఉంటుంది, అది దాచను. ఎమ్మెస్సీకి గాట్-బీ, జామ్ ప్రవేశ పరీక్షలు రెండూ రాయించండి. డేటా మీద నిజంగా ఇష్టముంటే ఈ బయోటెక్ చదువులో ఉంటూనే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు "రిజల్ట్ వచ్చిందా?" అనకండి. "ఏ లేన్‌లో ఏం వేశావమ్మా?" అని అడిగి, చెప్పేదంతా వినండి.