ఎంటర్ కొడితే పేరు మార్చమంది

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో తొమ్మిదేళ్లుగా డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తున్నాను. విండోస్ అయితే ఫోన్లో రెండు ముక్కలు వింటే చాలు, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పేస్తాను. పోయిన నెల డిజైన్ టీమ్‌కి ముప్పై మ్యాక్‌బుక్‌లు దిగాయి. అవి కూడా నువ్వే చూసుకో అన్నారు. నిన్న ఒకమ్మాయి మ్యాక్‌లో ఫైలు తెరుద్దామని నేను ఎంటర్ కొడితే, ఫైలు పేరు మార్చమని మ్యాక్ అడిగింది. ఆ అమ్మాయి నవ్వింది. నా తొమ్మిదేళ్ల అనుభవం బూడిదలో పోసిన పన్నీరేనా? ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్.పి. రోడ్డులో పాత మ్యాక్ కొనుక్కుని నేర్చుకుందామనుకుంటున్నాను. కొనొచ్చా?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, ఆ ఎంటర్ దెబ్బ నేనూ తిన్నాను. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో ఫైలు తెరవాలంటే కమాండ్ కీ పట్టుకుని ఓ నొక్కాలి. ఎర్ర గుండీ నొక్కితే విండో మూసుకుంటుందే గానీ చాలా యాప్‌లు లోపల నడుస్తూనే ఉంటాయి. మూసేశాక కూడా ర్యామ్ తింటోందేమిటా అని నేను బుర్ర గోక్కున్న రోజులున్నాయి. నీకు తెలివి తక్కువై కాదు, వేళ్లకు పాత అలవాటు. అది వీడియోలు చూస్తే పోదు. ఆఫీసులోనే ఒక మ్యాక్ అడిగి తీసుకుని, నెల రోజులు మెయిలు, టికెట్లు (వచ్చే ఫిర్యాదులు) అన్నీ దాని మీదే చెయ్యి. మొదటి వారం ఏడుపొస్తుంది, రానీ.

అనుభవం ఎక్కడికీ పోలేదు. ఏ ప్రోగ్రామ్ ఎంత తింటోందో చూపే టాస్క్ మేనేజర్ బదులు ఇక్కడ యాక్టివిటీ మానిటర్, లోపల జరిగినవి రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ బదులు కన్సోల్. వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ తప్పయితే ఏ మెషీన్లో అయినా తప్పే. "ఇది ఎప్పటినుంచి? దానికి ముందు ఏం మార్చారు?" అన్న నీ పాత ప్రశ్నలే ఇక్కడా సగం పని చేసిపెడతాయి.

భయపడాల్సింది కొత్తవాటికి కాదు, తెలిసినట్టే కనిపించేవాటికి. ఒకసారి ఒకాయన పాస్‌వర్డ్ మర్చిపోతే విండోస్‌లో లాగే సర్వర్‌లో మార్చేసి, హాయిగా టీకి వెళ్లాను. వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయి ఉంది. కీచెయిన్ పాస్‌వర్డ్ ఇవ్వమని నిమిషానికో పెట్టె పైకొస్తోంది. కొత్తది కొడితే ఒప్పుకోదు. ఎందుకంటే లాగిన్ పాస్‌వర్డ్ మారినా, దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ ఉండే ఆ కీచెయిన్ తాళం పాతదే. ఆ పాతది ఆయనకే గుర్తు లేదాయె! విసుగొచ్చి కొత్త కీచెయిన్ తయారుచేయమని నొక్కాను. పెట్టె పోయింది, దాంతోపాటు ఆయన అందులో సేవ్ చేసుకున్న మెయిలు పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. అప్పటినుంచి మ్యాక్‌లో పాస్‌వర్డ్ మార్చే ముందు "పాతది గుర్తుందా?" అని అడగడం నాకు అలవాటైంది.

ఇంకోటి, ఏ టికెట్ వచ్చినా మొదట చిప్ ఏదో చూడు. పైన ఎడమ మూల ఆపిల్ గుర్తు నొక్కి 'అబౌట్ దిస్ మ్యాక్' తెరిస్తే కనబడుతుంది. ఇంటెల్ అయితే షిఫ్ట్ పట్టుకుని ఆన్ చేస్తే, అవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్ వస్తుంది. ఆపిల్ సొంత చిప్‌లైన ఎం1, ఆ తర్వాతివాటిలో అలా కుదరదు. స్టార్టప్ ఆప్షన్లు వచ్చేదాకా పవర్ బటన్ వదలకుండా పట్టుకోవాలి, ఆ తర్వాత డిస్క్ ఎంచుకుని షిఫ్ట్ పట్టుకోవాలి. నెట్‌లో దొరికే పాత చిట్కాలు చాలావరకు ఇంటెల్ కాలంవి.

ఎస్.పి. రోడ్డు సంగతి. ఆఫీసు మెషీన్ ఇస్తే డబ్బు పెట్టకు. కొనక తప్పకపోతే ఇంటెల్‌ది చవగ్గా వస్తోందని ఎగబడకు. 2025లో వచ్చిన టాహో అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్ తర్వాత వాటికి కొత్త మ్యాక్‌ఓఎస్ ఉండదని ఆపిలే చెప్పింది. 2020 నవంబర్లో వచ్చిన ఎం1 నుంచి చూడు. మెషీన్ మొత్తం చెరిపించి, నీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, షాపులోనే మొదటి సెటప్ చివరిదాకా చేయించు. మధ్యలో పాత ఓనర్ ఆపిల్ అకౌంట్ అడిగినా, ఏదో కంపెనీ పేరుతో రిమోట్ మేనేజ్‌మెంట్ తెర వచ్చినా, అది ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నట్టు, ఎంత తగ్గించి ఇస్తానన్నా బయటికొచ్చెయ్.

ఇక ఆ నవ్విన అమ్మాయి. మ్యాక్‌లో ఫైలు కట్ చేసి వేరే ఫోల్డర్లో పెట్టడం ఎలాగో తననే అడుగు. విండోస్‌లో లాగా కట్ చేద్దామని కమాండ్‌తో ఎక్స్ కొడితే ఫైలు కదలదు. మామూలుగా కాపీ చేసి, పేస్ట్ చేసేటప్పుడు కమాండ్‌తో పాటు ఆప్షన్ కూడా పట్టుకోవాలి. నాకా ముక్క చెప్పింది ఒక డిజైనరే. అప్పటికి నేను మ్యాక్ సపోర్ట్ మొదలుపెట్టి రెండేళ్లు!