ఇంటికొచ్చే కాగితాల కట్ట: ఉత్తరాలను ఆపాలా, ఖాతాలను మూయాలా?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. వయసు 67. నాకు మూడు డీమ్యాట్ ఖాతాలు (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచేవి), నాలుగు బ్యాంకు ఖాతాలు, రెండు క్రెడిట్ కార్డులు ఉన్నాయి. డీమ్యాట్‌లోని షేర్ల విలువ సుమారు మూడున్నర లక్షలు. కొన్ని పాత షేర్లు ఇప్పటికీ కాగితం సర్టిఫికెట్లుగానే బీరువాలో ఉన్నాయి. కంపెనీల లేఖలు, స్టేట్‌మెంట్లు, బీమా, రుణాల ప్రకటనలు విడవకుండా వస్తున్నాయి. చాలావాటిని విప్పకుండానే పాత పేపర్లు కొనే అతనికి ఇచ్చేస్తున్నాం. ఇంత కాగితం వృథా కావడం బాధగా ఉంది. వీటిని ఎలా ఆపించాలి? ఆపిస్తే నాకేమైనా నష్టం ఉంటుందా?

జవాబు: కాగితం ఆపించడం కష్టమేమీ కాదు. అయితే ఒక్కో సంస్థకు ఈ-మెయిల్ ఇచ్చి ఉత్తరాలు మాన్పించుకుంటూ పోయే ముందు, ఆ ఉత్తరం అసలెందుకు వస్తోందో చూడమని నా సలహా. మీ ఇంటికి వచ్చే కవర్లను ఒక నెలపాటు విప్పి, పంపినవారి పేర్లు రాసి పెట్టండి. మీకు అవసరం లేకపోయినా తెరిచి ఉన్న ఖాతాల జాబితా దాదాపుగా అదే. అవసరం లేని ఖాతాను మూసేస్తే దాని ఉత్తరాలు వాటంతటవే ఆగుతాయి, దాని రుసుమూ ఆగుతుంది. ఖాతాను అలాగే ఉంచి ఉత్తరం మాత్రమే ఆపితే, ఆ ఖాతా ఉన్న సంగతే కొన్నాళ్లకు మరిచిపోతారు.

ముందుగా డీమ్యాట్ సంగతి. షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా అనే సదుపాయం ఉంది. ఏకైక హోల్డర్‌గా గానీ మొదటి హోల్డర్‌గా గానీ దేశం మొత్తంమీద ఒక్కటే డీమ్యాట్ ఖాతా ఉండి, అందులోని విలువ 10 లక్షల రూపాయలు దాటనివారికి ఇది వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం 4 లక్షల వరకు వార్షిక నిర్వహణ రుసుము లేదు; 4 నుంచి 10 లక్షల మధ్య అయితే ఏడాదికి 100 రూపాయలు. మీ షేర్ల విలువ ఈ పరిధిలోనే ఉన్నా, మూడు ఖాతాలు ఉన్నందువల్ల మీకు ఆ అర్హత లేకుండా పోయింది. రెండింటిలోని షేర్లన్నిటినీ మూడోదానికి బదిలీ చేయించి, ఆ రెండింటినీ మూసివేయమని లిఖితపూర్వకంగా కోరండి. ఖాతా మూసినందుకు రుసుము వసూలు చేయకూడదు. ఈ బేసిక్ ఖాతాలో ఎలక్ట్రానిక్ స్టేట్‌మెంట్ ఉచితం కాగా, కాగితం స్టేట్‌మెంట్‌కు ఒక్కోదానికి 25 రూపాయల వరకు వసూలు చేసే వీలుంది. కాగితానికి వెల కట్టిన ఈ పద్ధతి నాకు సమంజసంగానే తోస్తుంది.

క్రెడిట్ కార్డుల్లో మీరు వాడనిదాన్ని వదిలేయండి. బకాయి ఏమీ లేకుండా మూసివేతకు అభ్యర్థన పెడితే, బ్యాంకు ఏడు పనిదినాల్లో దాన్ని మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వినియోగదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. అభ్యర్థన పెట్టిన తేదీకి రుజువు దాచుకోండి. నాలుగు బ్యాంకు ఖాతాల్లో పింఛను పడేదాన్ని, అత్యవసరానికి మరొకదాన్ని ఉంచుకుంటే చాలు. రెండేళ్లపాటు మీరుగా ఏ లావాదేవీ చేయని ఖాతాను బ్యాంకులు నిరుపయోగ ఖాతాగా పరిగణిస్తాయి. పదేళ్లు దాటితే అందులోని డబ్బు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్తుంది. తర్వాత కూడా తిరిగి పొందవచ్చు గానీ, ఈ వయసులో ఆ తిరుగుడు మీకెందుకు?

ఇక మీరు విప్పకుండా పారేస్తున్న కంపెనీల లేఖల గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. ఈ-మెయిల్ నమోదు చేయని వాటాదారులకు లావుపాటి వార్షిక నివేదికలకు బదులు, ఆ నివేదిక ఎక్కడ దొరుకుతుందో తెలిపే చిన్న లేఖ పంపితే చాలని 2024 డిసెంబరులో సెబీ నిబంధనలను సవరించింది. కాబట్టి నివేదికల బరువు ఇప్పటికే తగ్గి ఉండాలి. అలాంటి లేఖల మధ్యనే అసలైనవి కూడా వస్తుంటాయి. వరుసగా ఏడేళ్లు డివిడెండు (కంపెనీ లాభాల్లో మీ వాటా) తీసుకోకపోతే ఆ డివిడెండే కాదు, షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి బదిలీ అవుతాయి. ఆ బదిలీకి మూడు నెలల ముందు కంపెనీ వాటాదారుకు సమాచారం పంపాలి. అది మీ పాత పేపర్ల కట్టలో వెళ్లిపోయి ఉండవచ్చు.

బీరువాలోని సర్టిఫికెట్ల విషయంలో ఈ అనుమానం మరింత బలపడుతోంది. కాగితం రూపంలోని షేర్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి డివిడెండును నేరుగా బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నారు. అదీ పాన్, చిరునామా, బ్యాంకు వివరాలు, సంతకం నమూనా సమర్పించిన తర్వాతే. మీరు ఇవ్వకపోతే డివిడెండు ఆగి ఉంటుంది. ప్రతి సర్టిఫికెట్‌కు సంబంధించిన రిజిస్ట్రార్ (కంపెనీ తరఫున వాటాదారుల రికార్డులు చూసే సంస్థ) ఎవరో కంపెనీ లేఖపై గానీ వెబ్‌సైటులో గానీ కనుక్కోండి. చాలా కంపెనీలకు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కేఫిన్ టెక్నాలజీస్ ఆ పని చూస్తుంది. ఈ వివరాలు తెలిపే ఐఎస్ఆర్-1 తదితర ఫారాలు పూర్తిచేసి పంపి, ఆ తర్వాత షేర్లను డీమ్యాట్ చేయించండి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం రూపంలో షేర్ల అమ్మకపు బదిలీకి వీల్లేదు కనుక, అమ్ముకోవాలన్నా ఇది తప్పదు. ఇప్పటికే ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోయినవి ఉంటే ఐఈపీఎఫ్-5 ఫారంతో వెనక్కి కోరవచ్చు. ఈ పని పూర్తయ్యేవరకు కంపెనీల నుంచి వచ్చే ఒక్క కవరును కూడా విప్పకుండా పారేయవద్దు.

ఖాతాలు తగ్గాక మిగిలినవాటికి ఈ-మెయిల్ నమోదు చేయించండి. అది మీ సొంత ఈ-మెయిల్ కావాలి. బ్రోకరు కార్యాలయంలోని కుర్రాడిదో, బీమా ఏజెంటుదో ఇచ్చినవారిని చాలామందిని చూశాను. వారికి అందిన సమాచారం మీకు అందినట్టు కాదు. డీమ్యాట్ షేర్లకు మీ డిపాజిటరీ పార్టిసిపెంటు (డీమ్యాట్ ఖాతా తెరిచిన బ్రోకరు లేదా బ్యాంకు) దగ్గర ఒక్కచోట మారిస్తే సరిపోతుంది; కంపెనీలన్నిటికీ అక్కడి వివరాలే అందుతాయి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి వచ్చే ఏకీకృత స్టేట్‌మెంటు ఫైలుకు మీ పాన్‌ నంబరే పాస్‌వర్డ్. ఆంగ్ల అక్షరాలను క్యాపిటల్ లెటర్లలో కొట్టాలి. బీమా పాలసీలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఇ-ఇన్సూరెన్స్ ఖాతాను ఉచితంగానే తెరవవచ్చు. కానీ పాత పాలసీల అసలు బాండ్లను మాత్రం పదిలంగా ఉంచుకోండి.

ప్రకటనల ఉత్తరాలన్నిటినీ ఒకేచోట ఆపించే ఏర్పాటు మన దేశంలో లేదు. 1909కు ఫోన్ చేసి నమోదు చేసుకుంటే ఆగేవి ప్రచార కాల్స్, సందేశాలు మాత్రమే.  ఇక్కడ పంపినవారికే, మీ చిరునామాను ప్రచార జాబితా నుంచి తొలగించమని ఒక్కొక్కరికి రాయాలి. పాత అద్దెదారుల పేరిట వచ్చేవాటిని, ఈ చిరునామాలో లేరని కవరుపై రాసి పోస్టుమ్యాన్‌కు తిరిగి ఇచ్చేయండి.

మీ పేరిట వచ్చి, మీ సంతకం తీసుకుని ఇచ్చే ఉత్తరాన్ని మాత్రం వద్దనకండి. సరైన చిరునామాకు వచ్చిన నోటీసును తిరస్కరిస్తే అది అందినట్టే న్యాయస్థానాలు భావిస్తాయి. చెక్కు చెల్లని కేసుల్లో నోటీసు అందిన నాటి నుంచి 15 రోజుల్లో డబ్బు చెల్లించాల్సి ఉంటుంది.

పాత కట్టలను అమ్మే ముందు ఖాతా నంబర్లు, పాన్, సంతకం ఉన్న పేజీలను చింపి వేరుచేయండి. షేర్లు కొన్న నాటి కాంట్రాక్టు నోట్లను (బ్రోకరు ఇచ్చిన కొనుగోలు పత్రాలను), బోనస్ లేఖలను అందులో కలపకండి. ఆ షేర్లు అమ్మిన సంవత్సరం పన్ను రిటర్నులో కొనుగోలు ధర చూపడానికి అవే ఆధారం.