‘మీ నాన్నకు తెలియకుండా వెళ్లిరా’ అనకండి

మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. మావారికి ఎరువుల కొట్టు ఉంది. ఒక్కతే కూతురు, 24 ఏళ్లు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ రెండో ఏడు చదువుతోంది. క్రిస్మస్‌కు ముందు వారం, శుక్రవారం సాయంత్రం బయల్దేరి ప్రాగ్, వియన్నా చూసుకుని సోమవారం తెల్లారేసరికి వచ్చేస్తామని చెప్పింది. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. 200 యూరోలు అవుతాయట, తన పార్ట్‌టైం డబ్బులేనట. ‘అప్పు తీరకుండానే షికార్లా? అదీ మగపిల్లలతోనా? అక్కడ సంతల్లో కార్లు తొక్కిస్తున్నారు, టీవీలో చూళ్లేదా?’ అని మావారు గట్టిగా అరిచారు. తొమ్మిది రోజులుగా అది నాన్నతో మాట్లాడటం లేదు. నాతో మాట్లాడినా కెమెరా గోడవైపు తిప్పేస్తోంది. సంక్రాంతికి ఒక మంచి సంబంధం వాళ్లు వస్తున్నారు, దానికింకా చెప్పలేదు. ఈలోగా ఫొటోలు వాళ్ల కంటబడితే ఏమనుకుంటారోనని నా భయం. నా చీటీ డబ్బుల్లోంచి కొంత పంపి, నాన్నకు తెలియకుండా వెళ్లిరమ్మందామా అనుకుంటున్నాను. తప్పంటారా?
– ఒక తల్లి

అమ్మా, బిడ్డ ముఖం చూడక తొమ్మిది రోజులైన తల్లికి అలా అనిపించడం తప్పు కాదు. కానీ ఆ పని మాత్రం చేయకండి.

ఒక్కసారి ఆలోచించండి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ రైలులో రెండున్నర గంటలు. మీరు రాజమండ్రిలో ఎక్కి విజయవాడలో దిగినంత దూరం. జర్మనీలో చదువుకోడానికిచ్చే నివాస కార్డు, పాస్‌పోర్టు చేతిలో ఉంటే చెక్ దేశానికీ ఆస్ట్రియాకూ వేరే వీసా అక్కర్లేదు. శుక్రవారం వెళ్లి, సోమవారం వచ్చి, ‘పరీక్షలున్నాయమ్మా, ఫోన్ చూసుకోలేదు’ అనేస్తే మీకు తెలిసే దారే లేదు. అయినా అడిగింది. మగపిల్లలు కూడా వస్తున్నారని తన నోటితోనే చెప్పింది. ఆ ఒక్క మాట మింగేస్తే గొడవ సగం తగ్గేదని ఆమెకు తెలియదా? తెలిసే చెప్పింది. మీ ఇద్దరి పెంపకం ఎలాంటిదో నాకు ఆ మాటలోనే కనిపించింది.

నిజం చెప్పినందుకు నాన్న దగ్గర తిట్లు తింది. ఇప్పుడు మీరు చాటుగా డబ్బు పంపితే, దాచినందుకు అమ్మ దగ్గర బహుమానం అందుకుంటుంది. రేపు నిజంగా కష్టం వచ్చినప్పుడు ఏ దారి పడుతుందో మీరే చెప్పండి. ఆమధ్య నా దగ్గరకు వచ్చిన ఒక తల్లికి, పరాయి దేశంలో ఉన్న కూతురికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన సంగతి మూడు నెలల తర్వాత, అదీ ఎవరో బంధువులు పరామర్శిస్తే తెలిసింది. ‘చెబితే నాన్న కంగారుపడి అరుస్తారని’ అందట ఆ పిల్ల. ఆవిడ నా ఎదురుగా కూర్చుని, ఆస్పత్రిలో నా బిడ్డకు మంచినీళ్లు ఎవరిచ్చారో కూడా నాకు తెలీదండీ అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. మీకు ఆ గతి పట్టకూడదని నా తాపత్రయం.

మీవారి కోపం గురించి కూడా చెప్పుకోవాలి. ఆయన్ని నేను తప్పుపట్టలేను. అప్పు పత్రాల మీద సంతకం ఆయనది. నెల తిరిగేసరికి వడ్డీ కట్టేది ఆయన. కొట్టులో అరువు బేరాలు వసూలు కాని నెలలో ‘వియన్నా’ అనే మాట చెవిన పడితే ఏ తండ్రికైనా కడుపు మండుతుంది. అయితే 200 యూరోలంటే ఇంచుమించు ఇరవై వేలు, అది అమ్మాయి తన రెక్కల కష్టం మీద మిగుల్చుకున్నది. అక్కడ చదువుకునేవాళ్లు ఏడాదికి 140 పూర్తి రోజులకు మించి పనిచేయడానికి వీల్లేదు. ఆ కొద్దిలోనే దాచుకున్న డబ్బు. మీ చీటీ డబ్బు దాన్లో కలపకండి. ఆమె సంపాదనతో ఆమె వెళ్లడం వేరు, అమ్మ ఇచ్చిన దొంగచాటు డబ్బుతో వెళ్లడం వేరు. ఖర్చు ఎక్కువనిపిస్తే వియన్నా మానేసి ఒక్క ప్రాగే చూస్తే ఎలా ఉంటుందే అని అడగండి. చలిలో రాత్రి బస్సు తప్పుతుంది, ఖర్చూ బాగా దిగొస్తుంది. నన్నడిగితే రెండున్నర రోజుల్లో రెండు ఊళ్లంటే తిరగడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. కానీ అడగండి, ఆర్డరు వేయకండి.

టీవీలో చూసిన భయం ఉత్తది కాదు. 2016లో బెర్లిన్‌లో, 2024 డిసెంబరు 20న మాగ్డెబర్గ్‌లో క్రిస్మస్ సంతల మీదికి వాహనాలు తోలి మనుషుల ప్రాణాలు తీశారు. ఇప్పుడు పెద్ద సంతల చుట్టూ కాంక్రీటు దిమ్మెలు పెడుతున్నారు, పోలీసులుంటారు. అయినా మరో సంగతి మీవారికి తెలియాలి. మీ అమ్మాయి ఉన్న ఊళ్లోనే అలాంటి సంత ఉంది, అదీ 1434 నుంచి జరుగుతున్నది. ప్రాగ్ వెళ్లకుండా ఆపినంత మాత్రాన సంతకు దూరం చేసినట్టు కాదు. రోజూ కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఆ దారినే వస్తుండొచ్చు.

ఆ పిల్లలు ఇప్పుడే ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో కూడా చెప్తాను, ఇది మనకు ఇక్కణ్నుంచి కనబడదు. మీవారు రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేసే వేళకు అక్కడ సాయంత్రం నాలుగున్నర. డిసెంబరులో అప్పటికే పొద్దుగుంకి చీకటి పడుతుంటుంది. పొద్దున ఎనిమిదైతేగాని వెలుతురు రాదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ అక్కడివాళ్లకు పండగ రోజులే. ఒక్కో ఆదివారం ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు. ఊరి నడిబొడ్డున కొయ్య బడ్డీల్లో బాదంపప్పు చక్కెర పాకంలో వేయిస్తుంటారు. ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది. సంక్రాంతికి వారం ముందు మన బజారు ఎలా ఉంటుందో అలా. ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నానికి దుకాణాలన్నీ మూసేస్తారు. తోటి విద్యార్థులు అమ్మానాన్నల దగ్గరకు వెళ్లిపోతారు. ఇరవై ఐదు, ఇరవై ఆరు సెలవులు. హాస్టల్ వరండాలో ఒక్క అడుగు చప్పుడు వినబడదు. మన పిల్లలు మిగిలిపోతారు. ఆ నాలుగు రోజుల ముందు నలుగురితో కలిసి నాలుగు దీపాలు చూసొస్తే, మిగతా చీకటిని తట్టుకునే ఓపిక వస్తుంది. దీన్ని షికారు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

మగపిల్లల సంగతి. రాత్రి బస ఎక్కడ, ఎవరు ఏ గదిలో అని తిన్నగా అడగండి. తల్లిగా అడిగే హక్కు మీకుంది. ఆడవాళ్లకు విడిగా గదులున్న హాస్టళ్లు ప్రాగ్‌లో దొరుకుతాయి. సున్నాకు దిగిన చలిలో రాత్రి పూట స్టేషన్లో ఇద్దరు ఆడపిల్లలే నిలబడటం కంటే నలుగురూ కలిసి ఉంటేనే నాకు నిబ్బరం. వాళ్లలో ఒకడంటే ఇష్టమేమోనన్న అనుమానం మీవారి అరుపు వెనక ఉండొచ్చు. ఉంటే మాత్రం ప్రయాణం ఆపితే ఆగేదా? ఒకే ఊళ్లో, ఒకే క్లాసులో రోజూ కనబడుతూనే ఉంటారు కదా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ‘దానికింకా చెప్పలేదు.’ అమ్మా, కూతురు మీకు దాచకుండా చెప్పిందని ఇందాక మురిసిపోయాను. మరి మీరు? తన పెళ్లి మాటలు తనకు తెలియకుండా సంక్రాంతి దాకా నడిపిస్తున్నారు. ఆమె మూడు రోజుల ప్రయాణం అడిగింది, మీరు దాస్తున్నది జీవితకాలం సంగతి. ఏ బంధువు వాట్సాప్ ద్వారానో ఈ సంబంధం విషయం తెలిస్తే, ప్రయాణం వద్దన్నది అప్పు కోసమో తన క్షేమం కోసమో అని ఆమె ఇక నమ్మదు. పెళ్లివారి కోసమే అనుకుంటుంది. మీ ఉత్తరం చదివితే నాకూ సగం అలాగే అనిపించింది. తోటి విద్యార్థులతో దిగిన ఫొటో చూసి వెనక్కి తగ్గే సంబంధమైతే ఇప్పుడే తగ్గడం మంచిది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఏ ఫొటోకు ఏ లెక్క చెప్పాలో అని మీ అమ్మాయి వణకక్కర్లేదు.

ముందు మీవారితో మాట్లాడండి. కొట్టులో గల్లాపెట్టె ముందు కాదు, ఇంటికొచ్చి అన్నం తిన్నాక. ‘మీరు వద్దన్నారు’ అని మొదలుపెట్టకండి. ‘మన పిల్ల మనకు చెప్పే వెళ్తానంది, చూశారా’ అని మొదలుపెట్టండి. ఆయన ఒక్కరోజులో మెత్తబడకపోవచ్చు. కనీసం తనే ఫోన్ చేసి, ‘వెళ్లేముందు టికెట్లు, బస అడ్రసు నాకు పంపమ్మా’ అనగలిగితే చాలు, ఒప్పుకున్నాను అని నోటితో అనక్కర్లేదు. ససేమిరా అంటే, ఆయన ఎదురుగానే మీ అమ్మాయికి ఫోన్ చేసి, నాకు ఇష్టమే, నాన్నకు ఇష్టం లేదు, నిర్ణయం నీది అని చెప్పండి. అది కష్టమే. దొంగచాటు కంటే నయం.

సంబంధం సంగతి ప్రయాణానికి ముందే చెప్పేయండి. కోపం వస్తే రానివ్వండి. అబ్బాయి వివరాలు పంపి, మాట్లాడాలో వద్దో ఆమెనే చెప్పమనండి. అప్పటిదాకా పెళ్లివారికి మాటివ్వకండి.

ఇక చిన్న జాగ్రత్తలు. జర్మనీ సరిహద్దుల్లో 2024 సెప్టెంబరు నుంచి అన్ని వైపులా తనిఖీలు చేస్తున్నారు. తిరిగొచ్చే రైల్లో అడగొచ్చు, కాబట్టి పాస్‌పోర్టు, నివాస కార్డు అసలువే వెంట ఉండాలి. ఫోన్లో ఫొటోలు చాలవు. కార్డు గడువు కూడా చూసుకోమనండి. ఆరోగ్య బీమా కార్డు పర్సులో పెట్టుకోమనండి. ప్రాగ్‌లో చలామణి యూరో కాదు, కొరునా. వీధిలో మార్చిపెడతామనేవాళ్ల జోలికి పోవద్దు. చార్లెస్ వంతెన మీద జనంలో జేబుదొంగల బెడద ఉంటుంది. ఆపద నంబరు 112 ఈ మూడు దేశాల్లోనూ ఒకటే. సంతల్లో వేడివేడి మసాలా వైన్ అమ్ముతారు, మద్యం లేని పళ్లరసమూ అలాగే వేడిగా దొరుకుతుంది. ఏది తాగాలో 24 ఏళ్ల పిల్లకు తెలుసు, మీరు భయపడుతున్నారని మాత్రం ఒక్కసారి చెప్పండి, చాలు.

ఆ మూడు రోజులూ గంటగంటకూ ఫోన్ చేయకండి. రాత్రి పడుకునేముందు ‘చేరాం’ అని ఒక్క మెసేజ్ పెట్టమనండి. ఫొటోలు మీకు కాదు, వాళ్ల నాన్న ఫోన్‌కే పంపమనండి. ఆయన పైకి ఏమీ అనకపోయినా, కొట్టులో బేరం లేని వేళ కళ్లద్దాలు పైకి నెట్టి, ఒక్కో ఫొటో వేళ్లతో పెద్దది చేసి, పిల్ల స్వెట్టర్ సరిగ్గా వేసుకుందో లేదో చూస్తారు.